చెట్లకు పట్టే పొలుసు పురుగు: మందుకు ముందు చూడవలసినవి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రికలోని తోటపని పేజీకి ఒక పాఠకురాలు ఇటీవల రాస్తూ, తమ పెరట్లోని నిమ్మచెట్టు ఆకులు మసి పూసినట్లు నల్లబడుతున్నాయనీ, లేత కొమ్మల వెంట గోధుమరంగు బుడిపెలు వరుసకట్టి ఉన్నాయనీ, గోటితో గీకితే అవి ఊడి వస్తున్నాయనీ చెప్పి, ఏం చేయమంటారని అడిగారు. మీరు అచ్చువేసిన జవాబులో రెండే వాక్యాలు ఉన్నాయి. ఇది పొలుసు పురుగు అన్నది మొదటిది. అంతర్వాహిక పురుగుమందు, అంటే వేర్లు పీల్చుకుని చెట్టంతటికీ పాకే మందు, కొని నీళ్ళలో కలిపి చెట్టు పాదులో పోయమన్నది రెండోది. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. రెండో వాక్యం మాత్రం అన్ని చెట్లకూ, అన్ని రకాల పొలుసు పురుగులకూ, అన్ని కాలాలకూ కలిపి ఒకే మందు రాసిచ్చినట్లుగా ఉంది. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. పెరట్లో ఉన్న నాలుగు చెట్లను చాలా ఏళ్ళుగా కనిపెట్టుకుని ఉంటూ, ఈ పురుగు చేతిలో రెండుసార్లు దెబ్బతిని, ఆ తరువాత దాని గురించి దొరికినదల్లా చదివినవాణ్ణి. ఆ జవాబులో లేకపోయిన సంగతులను కొంచెం వివరంగా రాయడానికి చోటిస్తారని ఆశిస్తున్నాను.

పొలుసు పురుగు అన్నది ఒక పురుగుకు పెట్టిన పేరు కాదు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించినవే సుమారు 8,000 జాతులు ఉన్నాయి. మందార మొక్కల మీద తెల్లగా దూదిలా కనిపించే పిండినల్లి వీటికి దగ్గరి చుట్టమే. లక్కను ఇచ్చే పురుగూ, నాగజెముడు మీద పెంచి ఎర్ర రంగు తీసే కొచినీల్ పురుగూ కూడా ఈ వంశానివే కనుక, మనిషి ఈ జాతిని ఒక చేత్తో పెంచుతూ మరో చేత్తో చంపుతున్నాడని అనుకోవచ్చు. పెరటి చెట్టు దగ్గర నిలబడినవారికి ఇన్ని వేల జాతుల పేర్లతో పని లేదు గాని, వీటిలో గట్టి పొలుసు రకమూ మెత్తని పొలుసు రకమూ అని రెండు పెద్ద తెగలు ఉన్నాయన్న సంగతి తెలియకపోతే మాత్రం ఏ వైద్యమూ గురికి తగలదు.

గట్టి రకం పురుగు తన మైనంతోనూ, తాను విడిచిన పాత చర్మాలతోనూ ఒక చిప్పను కట్టుకుని దాని కింద విడిగా ఉంటుంది. గుండుసూది మొనతో ఆ చిప్పను మెల్లగా పైకి ఎత్తితే చిప్ప ఒక్కటే లేచి వస్తుంది; పసుపుపచ్చగానో నారింజ రంగులోనో ఉన్న మెత్తటి పురుగు బెరడు మీదనే ఉండిపోతుంది. మెత్తని రకంలో ఆ పైపొర పురుగు ఒంటిలో భాగమే కాబట్టి, ఎత్తితే మొత్తం కలిసి వస్తుంది. గట్టి రకం చిన్నది, సాధారణంగా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, బల్లపరుపుగా బెరడుకు అతుక్కుని ఉంటుంది. మెత్తని రకం అంతకంటే పెద్దది, ఉబ్బెత్తుగా, సగానికి కోసిన మిరియపు గింజను బోర్లించినట్లు ఉంటుంది. ఈ పరీక్షకు ఒక సూదీ, ఒక భూతద్దమూ, ఐదు నిమిషాల తీరికా చాలు.

ఈ తేడా ఎందుకు అంత ముఖ్యమంటే, రెండు తెగలూ చెట్టును తినే తీరు వేరు. మెత్తని రకం ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసుకుపోయే నాళాల్లోకి మూతి సూదిని దించి, ఆ తీపి రసాన్ని తన అవసరానికి మించి పీల్చుకుని, మిగిలిన చక్కెర నీటిని జిగట బొట్లుగా బయటికి వదులుతుంది. గట్టి రకం ఆ నాళాల జోలికి పోకుండా పక్కనున్న కణాలను ఒక్కొక్కటిగా గుచ్చి వాటిలోని పదార్థాన్ని పీలుస్తుంది. అందుచేత దాని కింద జిగట ఉండదు, ఆకులు నల్లబడవు, ఆకుల మీద పసుపు మచ్చలు పడటమూ, రెమ్మలు చివరినుంచి ఎండుకు రావడమూ కనిపిస్తాయి. వేర్ల ద్వారా ఎక్కే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు మెత్తని రకం మీద బాగానే పనిచేస్తుంది గాని, గట్టి రకాల్లో చాలావాటిని అది పెద్దగా బాధించదు. మీ పాఠకురాలి చెట్టు ఆకులు నల్లబడ్డాయంటున్నారు కనుక, అక్కడ ఉన్నది మెత్తని రకమే అయి ఉండవచ్చు, మీ మందు పనిచేయవచ్చు కూడా. అదే జవాబును చదివి, గట్టి రకం పట్టిన గన్నేరుకో గులాబీకో అదే మందు పోసే మిగిలిన పాఠకుల మాటేమిటన్నది నా ప్రశ్న.

ఇక నల్లదనం సంగతి. ఇక్కడే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. నా నిమ్మచెట్టు ఆకుల మీద మసి కనిపించగానే అది బూజు తెగులే అని తేల్చుకుని, వరసగా మూడు విడతలు శిలీంధ్రనాశిని కొట్టాను. మసి ఏమాత్రం తగ్గలేదు. మసి తెగులు అని మనం పిలిచేది నిజానికి శిలీంధ్రమే గాని, అది ఆకును తినడానికి వచ్చినది కాదు. పై కొమ్మల్లోని పురుగులు వదిలిన తీపి జిగట ఆకు మీద పడితే, ఆ జిగట మీద పెరిగేది. తడి గుడ్డతో తుడిస్తే పొరగా లేచి వచ్చేస్తుంది, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. ఎండను ఆకుకు అందకుండా అడ్డుకోవడమే అది చేసే నష్టం. పురుగు పోతే జిగట ఆగిపోతుంది, జిగట ఆగితే మసి కొత్తగా పెరగదు, పాతది వానలకో నీళ్ళ ధారకో కొట్టుకుపోతుంది. కాబట్టి మసి కనిపించిన ఆకు దగ్గర ఆగిపోకుండా, సరిగ్గా దానికి పైన ఉన్న కొమ్మనూ, ఆకుల అడుగు భాగాన్నీ చూడాలి. చెట్టు కింద ఆపిన వాహనం అద్దాలు జిగటగా మారడం, మొదలు వెంట చీమలు బారులు తీరడం కూడా ఇదే కథ చెబుతాయి.

రెండోసారి చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. పురుగే కారణమని తెలుసుకున్నాక, అన్ని పురుగులనూ చంపుతుందని పేరున్న ఘాటైన మందును చెట్టంతా తడిసేలా కొట్టించాను. వారం తరువాత చూస్తే కొమ్మల మీద బుడిపెలు యథాతథంగా ఉన్నాయి. మందు పారలేదనుకుని మళ్ళీ కొట్టించాను. నెల తిరిగేసరికి ఆకులు పాలిపోయి, వాటి అడుగున సన్నటి సాలెగూళ్ళలా అల్లికలు కనబడ్డాయి. ఎర్రనల్లి. దాన్ని అదుపులో ఉంచుతున్న మేలు పురుగులన్నిటినీ నేనే చంపించాను కాబట్టి, అంతవరకు చెట్టు మీద ఉన్నదో లేదో కూడా తెలియని నల్లి ఒక్కసారిగా పెచ్చరిల్లింది. ఆ తరువాత తెలిసిన మరో సంగతి నన్ను ఇంకా సిగ్గుపడేలా చేసింది. రెండోసారి మందు కొట్టించే నాటికే ఆ బుడిపెల్లో చాలా భాగం చచ్చిపోయి ఉండవచ్చు. పొలుసు పురుగు చనిపోతే రాలిపోదు. దాని చిప్ప నెలల తరబడి బెరడును అంటిపెట్టుకునే ఉంటుంది. బతికి ఉన్నదాన్ని గోటితో నలిపితే తడి తగులుతుంది. చచ్చినది పొడిపొడిగా పొట్టులా రాలుతుంది. మందు కొట్టాక నాలుగైదు చోట్ల ఒక్కో పది చిప్పలను నలిపి చూడనివారు ఎవరైనా ఆ మందు పనిచేసిందనిగాని, చేయలేదనిగాని చెప్పలేరు.

ఎదిగిన ఆడ పురుగులను మందు ఎందుకు సరిగా తాకదో అర్థం కావాలంటే, ఈ పురుగు బతుకును ఒకసారి మొదటినుంచి చూడాలి. ఎదిగిన ఆడదానికి రెక్కలు ఉండవు. గట్టి రకానికైతే కాళ్ళు కూడా ఉండవు. అది కూర్చున్న చోటినుంచి కదలకుండా, తన పొలుసు కిందనే గుడ్లు పెడుతుంది. కొన్ని జాతులు కొద్ది పదుల గుడ్లతో సరిపెట్టుకుంటే, మెత్తని రకాల్లో కొన్ని వెయ్యికి పైగా పెడతాయి. ఆ గుడ్లలోంచి ఇసుక రేణువంత పిల్లలు, లేత పసుపు లేదా గులాబి రంగువి, మిల్లీమీటరు కూడా ఉండనివి, ఆరు కాళ్ళతో బయటికి పాకి వస్తాయి. చాలా జాతులకు బతుకు మొత్తం మీద నిజంగా నడిచే దశ ఇదొక్కటే. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో తిరిగి, నచ్చిన చోట మూతి సూదిని దించుకుంటాయి. గాలికి ఎగిరి పక్క చెట్టు మీద పడేదీ, పిట్టల కాళ్ళకూ మన బట్టలకూ అంటుకుని ప్రయాణం చేసేదీ ఈ పిల్లలే. వాటి ఒంటి మీద ఇంకా మైనం ఉండదు, చిప్ప ఉండదు. సబ్బు నీళ్ళకు కూడా చచ్చిపోతాయి. తల్లి పొలుసు మీద కొట్టిన మందు గొడుగు మీద పడిన వానలాంటిది. మగ పురుగు కనిపించే జాతుల్లో దానికి సన్నటి రెక్కలు ఉంటాయి గాని తినడానికి నోరు ఉండదు, ఒకటి రెండు రోజుల్లో దాని పని ముగుస్తుంది. మన వైద్యానికి దానితో సంబంధం లేదు.

కాబట్టి పిచికారీ ఎప్పుడు చేయాలన్నది ఏ మందు కొట్టాలన్నదానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. పిల్లలు ఎప్పుడు బయటికి వస్తాయో క్యాలెండరు చెప్పలేదు. కొన్ని జాతులకు ఏడాదికి ఒకే తరం, కొన్నింటికి నాలుగైదు తరాలు ఉంటాయి, వెచ్చని చోట్ల ఆ తరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. చెట్టును అడిగి తెలుసుకోవడమే దారి. నేను చేసేది ఇది: రెండువైపులా అంటుకునే పారదర్శకమైన టేపును, పురుగు ఉన్న నాలుగైదు రెమ్మలకు పురుగుల గుంపుకు ఇరువైపులా చుట్టి, అది ఎక్కడ ఉన్నదో మరిచిపోకుండా పక్కనే ఒక రంగు దారం కడతాను. వారానికి ఒకసారి పాత టేపును విప్పి తెల్ల కాగితం మీద అంటించి, తేదీ రాసి, భూతద్దంతో చూసి, కొత్తది చుడతాను. ఒక వారం ఏమీ ఉండదు. తరువాతి వారం పసుపు చుక్కలు నాలుగైదు కనబడతాయి. ఆపై వారం లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. ఆ సంఖ్య బాగా పెరిగి తగ్గుముఖం పట్టిన వెంటనే పిచికారీ చేస్తే, అప్పటికే బయటికి వచ్చి, ఇంకా చిప్ప కట్టుకోని పిల్లలు ఎక్కువ భాగం దొరికిపోతాయి. తరాలు కలగలిసి ఉండే చోట పది నుంచి పద్నాలుగు రోజుల ఎడంతో మరో విడత అవసరం కావచ్చు. టేపు లేకపోతే, రెమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టినా పాకే చుక్కలు కనిపిస్తాయి.

అప్పుడు వాడడానికి ఘాటైన విషం అక్కర్లేదు. చెట్ల కోసం శుద్ధి చేసి అమ్మే ఖనిజ నూనె ఈ పనికి అన్నిటికంటే నమ్మదగినది. అది పురుగు శ్వాస రంధ్రాలను కప్పి ఊపిరాడకుండా చంపుతుంది. ఆరిపోయాక విషపు అవశేషం మిగలదు కనుక, తరువాత వచ్చి వాలే మేలు పురుగులకు హాని తక్కువ. ఆకులు ఉన్న కాలంలో సాధారణంగా నూటికి ఒకటి లేదా రెండు పాళ్ళు, అంటే లీటరు నీటికి 10 నుంచి 20 మిల్లీలీటర్లు కలుపుతారు; ఆకు రాల్చి నిద్రపోయే చెట్లకు ఆ కాలంలో ఇంతకంటే చిక్కగా, నూటికి మూడు నాలుగు పాళ్ళ వరకు కొట్టవచ్చు. సీసా మీద రాసి ఉన్న మోతాదు వేరుగా ఉంటే దానినే పాటించాలి. నూనె తాకిన పురుగే చస్తుంది, తాకనిది బతుకుతుంది. అందువల్ల ఆకుల అడుగు, కొమ్మల పంగలు, బెరడు పగుళ్ళు అన్నీ నీరు కారేదాకా తడవాలి. కలిపిన నీళ్ళు పాలలా తెల్లగానే ఉండేలా పిచికారీ డబ్బాను ఊపుతూ ఉండాలి, లేకపోతే నూనె పైకి తేలి చివర్లో వచ్చే ధార ఆకులను మాడుస్తుంది. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజునా, నీళ్ళు లేక చెట్టు వడలి ఉన్నప్పుడూ, గంధకపు మందు కొట్టి మూడు వారాలు గడవకముందూ నూనె కొట్టకూడదు. కొత్త చెట్టుకైతే ముందుగా ఒక రెమ్మ మీద కొట్టి రెండు మూడు రోజులు చూసి మిగతా పని చేయడం మంచిది.

సబ్బు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పురుగుల కోసమే తయారుచేసిన సబ్బు ద్రావణం కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణం. అది లేత పిల్లల మీద బాగా పనిచేస్తుంది. గిన్నెలు తోమే ద్రవమూ, బట్టల పొడీ ఆ జాతివి కావు. వాటిలో ఉండే ఇతర రసాయనాలు ఆకు మీది మైనపు పూతను కరిగించి మచ్చలు పడేస్తాయి. వేప నూనె కూడా పిల్లల దశలో ఉపయోగపడుతుంది, కాని ముదిరిన తల్లుల మీద దానినుంచి అద్భుతాలు ఆశించకూడదు. చాలామంది దాన్ని ఒకసారి కొట్టి, పిల్లల కాలం కాని కాలంలో కొట్టి, పనికిరాదని తీర్పు చెప్పేస్తారు.

చెట్టు చిన్నదైతే చేతులే మంచి మందు. పాత పళ్ళ బ్రష్షును సబ్బు నీళ్ళలో ముంచి మొదలునూ, లావుపాటి కొమ్మలనూ బెరడు చిట్లకుండా రుద్దితే గంటలో సగం పురుగు పోతుంది. కుండీ మొక్కలకు, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కదాన్నీ తుడిచివేయవచ్చు. పురుగు కుప్పలుగా పట్టిన రెమ్మలను, ఎలాగూ ఎండుతున్నవాటిని, కత్తిరించి తీసేయాలి; గుబురుగా మూసుకుపోయిన చెట్టు లోపలి కొమ్మలను కొంత పలుచన చేస్తే లోపలికి ఎండా గాలీ చొరబడి పిల్లలు ఎక్కువగా చస్తాయి, పిచికారీ కూడా లోపలిదాకా అందుతుంది. అయితే ఒక్కసారిగా చెట్టును గుండు చేయకూడదు. అలా చేస్తే వచ్చే లేత చిగుళ్ళ గుంపు ఈ పురుగుకు పంక్తి భోజనం అవుతుంది, బెరడుకు ఎండ దెబ్బ కూడా తగులుతుంది.

చీమల గురించి రాయకుండా ఈ విషయం పూర్తికాదు. మెత్తని రకం వదిలే తీపి కోసం చీమలు ఆ పురుగులను కాపలా కాస్తాయి; వాటిని తినడానికి వచ్చిన అక్షింతల పురుగు పిల్లలనూ, పొలుసు పురుగుల ఒంట్లో గుడ్డు పెట్టడానికి వచ్చిన సన్నటి కందిరీగలనూ తరిమేస్తాయి. చీమలను చెట్టు ఎక్కనివ్వకుండా చేస్తే, మనం ఇంకేమీ చేయకపోయినా, కొన్ని వారాల్లో పురుగు తగ్గుముఖం పట్టడం నేను కళ్ళారా చూశాను. మొదలు చుట్టూ గుడ్డ పట్టీనో మందపాటి టేపునో బిగించి దాని మీద ఆరని జిగురు పూయాలి. జిగురును నేరుగా బెరడుకు పూస్తే బెరడు దెబ్బతింటుంది. ఆ పట్టీని అప్పుడప్పుడు విప్పి వదులు చేయకపోతే అది మొదలులోకి కోసుకుపోతుంది. గోడను తాకే కొమ్మ ఒక్కటి ఉన్నా చీమలకు అదే వంతెన కనుక, దాన్ని కత్తిరించడం మరవకూడదు.

మేలు పురుగుల బలమెంతో తెలియాలంటే కాలిఫోర్నియా బత్తాయి తోటల కథ ఒకటి చాలు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి చేరిన దూది పొలుసు పురుగు 1880ల్లో ఆ తోటలను దాదాపు నాశనం చేసింది. ఏ మందులూ, ఏ పొగలూ దాన్ని నిలువరించలేకపోయాయి. 1888లో ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రజ్ఞుణ్ణి దాని పుట్టింటికే పంపారు. అక్కడ ఆ పురుగును తినే చిన్న ఎర్రటి అక్షింతల పురుగును ఆయన కనిపెట్టి, ఓడలో పంపించారు. మొదటి మూడు విడతల్లో చేరినవి అన్నీ కలిపి 129. వాటిని ఒక చెట్టు చుట్టూ గుడారం కట్టి అందులో వదిలి, పెరిగాక గుడారం విప్పేశారు. 1889 ముగిసేసరికి తోటలు తేరుకున్నాయి. ఈ కథలో నాకు నచ్చే భాగం దీని తరువాతిది. 1940ల్లో డీడీటీ అనే పురుగుమందు వచ్చి, ఆ తోటల్లో ఇతర పురుగుల కోసం దాన్ని చల్లడం మొదలుపెట్టగానే, అక్షింతల పురుగులు చచ్చి, అర్ధ శతాబ్దంగా అణగి ఉన్న దూది పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది. పెద్ద తోటలో జరిగిన ఆ పనినే నేను నా నిమ్మచెట్టు మీద ఎర్రనల్లితో చేసి చూపించాను.

ఒకే మందును పదే పదే కొట్టడంలో ఉన్న ప్రమాదం కూడా మొదట ఈ పురుగే నేర్పింది. శాన్ హోసే పొలుసు పురుగు మీద సున్నం–గంధకం ద్రావణం పారడం లేదని గమనించిన మెలాండర్ అనే శాస్త్రజ్ఞుడు, పురుగులు మందులను తట్టుకోవడం నేర్చుకోగలవా అన్న ప్రశ్నను 1914లోనే ప్రచురించాడు; పురుగుమందుల నిరోధక శక్తి గురించి నమోదైన మొదటి రచనగా దాన్ని చెబుతారు. మీరు సూచించిన తరహా అంతర్వాహిక మందులకు దీనికి తోడు మరో చిక్కు ఉంది. వేరు నుంచి ఎక్కిన మందు ఆకుతో ఆగదు, పూల తేనెలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. నిమ్మ పూతకు తేనెటీగలు ఎంతగా ముసురుతాయో చెట్టు ఉన్నవారికి తెలుసు. ఇమిడాక్లోప్రిడ్‌తో సహా నియోనికోటినాయిడ్ అనే తరగతికి చెందిన మూడు పురుగుమందులను ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట వాడకంనుంచి తొలగించడానికి కారణం తేనెటీగలే. కాయలను మనం తినే చెట్టుకు, ఆ పంట మీద వాడవచ్చని సీసా మీద రాసి లేని మందును పోయకూడదన్న సంగతి కూడా మీ జవాబులో చోటుచేసుకోవలసింది. తప్పనిసరై అంతర్వాహిక మందును ఆశ్రయించవలసిన పరిస్థితి ఉండదని నేను అనను; నూనె అందనంత ఎత్తున్న పెద్ద చెట్టుకు మెత్తని రకం పట్టి కొమ్మలు ఎండుతుంటే అది ఒక దారే. అప్పుడైనా పూత పూర్తిగా రాలిన తరువాతే పోయాలి.

అసలు రాకుండా చూసుకోవడం ఎలాగంటే, ఎక్కువసార్లు ఈ పురుగును మన తోటలోకి మోసుకొచ్చేది మనమే. కొత్త మొక్క తెచ్చినప్పుడు ఆకులను తిరగేసి మధ్య ఈనె వెంట, కాడ మొదలుకు కలిసే చోట, అంటు కట్టిన చోట వేలితో తడిమి చూడాలి. మొక్కను పాత చెట్ల పక్కన వెంటనే పాతకుండా మూడు నాలుగు వారాలు దూరంగా ఉంచితే, కంటికి కనబడని పిల్లలు ఉన్నా ఈలోగా పెరిగి బయటపడతాయి. అంటు కొమ్మలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. నత్రజని ఎరువు ఎక్కువ వేస్తే చెట్టు గుబురుగా, ముద్దుగా పెరుగుతుంది గాని, ఆ లేత కొమ్మల రసం తాగిన పొలుసు పురుగులు గుడ్లు కూడా ఎక్కువ పెడతాయి. నీళ్ళు చాలక డస్సిన చెట్టు మరో విధంగా లొంగిపోతుంది. దారి పక్కన ఉన్న చెట్ల మీద దుమ్ము పేరుకుంటే మేలు పురుగులకు ఆకు మీద తిరగడమే కష్టం కనుక, వానలు లేని రోజుల్లో అప్పుడప్పుడు గట్టి నీళ్ళ ధారతో ఆకుల పైనా కిందా కడగడం చాలా చవకైన రక్షణ. ఆ ధారకు జిగటా, పిల్ల పురుగులూ కూడా కొన్ని కొట్టుకుపోతాయి.

చెట్టు మీద పొలుసు పురుగు ఉన్నదనగానే యుద్ధం ప్రకటించవలసిన పని లేదని కూడా చెప్పాలి. చిప్పల మీద గుండ్రటి సన్న రంధ్రాలు కనిపిస్తే, కందిరీగ పిల్ల ఆ పురుగును లోపలినుంచి తిని బయటికి వెళ్ళిపోయిందని అర్థం. పది చిప్పల్లో ఐదారింటికి అలా రంధ్రాలు ఉంటే నేను నూనె డబ్బాను కూడా ముట్టుకోను. అలాంటి కొమ్మలను కత్తిరించినా వెంటనే కాల్చివేయకుండా చెట్టుకు దూరంగా ఒక మూల కొద్ది రోజులు ఉంచుతాను; లోపల ఇంకా మిగిలిన కందిరీగలు ఎగిరి వస్తాయి, పొలుసు పురుగు పిల్లలు మాత్రం అంత దూరం నడిచి రాలేవు. ఏటేటా ఇదే పురుగుతో చిక్కిపోయే చెట్టు ఏదైనా ఉంటే, బహుశా అది ఆ నేలకో, ఆ నీడకో సరిపడని చెట్టు. దాన్ని తీసి మరొకటి పెట్టుకోవడం పదేళ్ళ మందు ఖర్చుకంటే మేలని నా అభిప్రాయం, దీనితో ఏకీభవించనివారు ఉంటారని తెలిసినా.

తోటపని పేజీ నిర్వాహకులకు నా విన్నపం ఇది. చెట్టు జబ్బుల గురించి ప్రశ్న పంపేవారిని, చెట్టు మొత్తం కనబడే ఫొటోతో పాటు, చిప్పను సూదితో ఎత్తి, దాని కింద ఏముందో దగ్గరగా తీసిన మరో ఫొటో కూడా పంపమని అడగండి. జవాబులో మందు పేరు రాసిన ప్రతిసారీ అది ఏ రకం పురుగుకో, పురుగు ఏ దశలో ఉన్నప్పుడో, చెట్టు పూతలో ఉంటే ఏం చేయాలో మరో రెండు వాక్యాలు చేర్చండి. ఆ పాఠకురాలు ఇంకా మందు కొనకపోయి ఉంటే, ముందుగా కొమ్మకు ఒక టేపు చుట్టి, మొదలుకు చీమల పట్టీ కట్టి, వారం తరువాత ఏం కనిపించిందో మీకు రాయమని ఆమెకు తెలియజేయగలరు.

భవదీయుడు,
మీ పాఠకుడు